కస్టమర్ ఎప్పుడు వెళ్ళిపోయినట్టు?

మొన్నామధ్య ఆఫీసులో ఒక మీటింగ్ జరిగింది. ఎనిమిది మందిమి గంటన్నర సేపు కూర్చుని తేల్చబోయిన విషయం ఒక్కటే. ఫోన్ కనెక్షన్ తీసుకున్న కస్టమర్ "వెళ్ళిపోయాడు" అని ఎప్పుడు అనాలి? 30 రోజులు వాడకపోతేనా, 60 రోజులా, 90 రోజులా? వినడానికి రచ్చబండ దగ్గర పొద్దుపోని కబుర్లలా ఉంది కదూ? నాకూ మొదట అలాగే అనిపించి, లాప్‌టాప్ చాటున క్రికెట్ స్కోరు చూసుకుంటూ కూర్చున్నాను.

సంగతేంటంటే, మేం ఒక విదేశీ టెలికాం కంపెనీకి కస్టమర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చూస్తున్నాం (పేరు వద్దులెండి, నాకు ఉద్యోగం కావాలి :-)). అందులో చర్న్ రిపోర్టు నా వంతు. నెల మొదట్లో ఉన్న కస్టమర్లలో నెలాఖరుకి ఎంతమంది జారిపోయారన్న లెక్కే చర్న్. వందమందిలో నలుగురు పోతే 4 శాతం. భాగహారం వచ్చిన ఎవడైనా చేసేస్తాడు. చిక్కల్లా ఆ నలుగురినీ పట్టుకోవడంలో ఉంది. ప్రీపెయిడ్ కస్టమర్ వెళ్ళేటప్పుడు ఎవరికీ చెప్పడు. రీఛార్జ్ మానేస్తాడు, అంతే. ఎన్ని రోజులు చూసి వాడి మీద ఆశ వదులుకోవాలో ఎవరో ఒకరు కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి.

అప్పటిదాకా అందులో 30 ఉంది. "90 పెట్టు, అదే ఇండస్ట్రీ స్టాండర్డ్" అన్నారు మేనేజర్ గారు. అక్కడ నాకు బుర్ర వెలిగింది. 30 రోజుల మౌనం దాటినవాళ్ళందరినీ ఇప్పటికే "పోయినవాళ్ళు" కింద రాసేశాం. ఈ రోజు గడువు 90కి మారిస్తే, మిగిలినవాళ్ళలో ఎవరూ ఇంకో రెండు నెలల దాకా ఆ గీత దాటలేరు. అంటే రెండు నెలలపాటు చర్న్ సున్నా! క్వార్టర్ ఎండ్‌కి సరిగ్గా రెండు నెలలుంది. ఒక్క కస్టమర్ని కూడా ఆపకుండానే, ఎర్రగా ఉన్న డ్యాష్‌బోర్డ్ పచ్చగా మారిపోతుంది. మార్చాల్సింది నేను.

అసలీ 90 ఎక్కణ్ణించి వచ్చిందా అని ఆ వారాంతం వెతకడం మొదలెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. చివరికి ఆ డొంక నిడదవోలులో మా బాబాయి కొట్టు దగ్గర తేలింది. అదే ఈ టపా.

కవ్వంతో మొదలు

చర్న్ అంటే మజ్జిగ చిలకడం. మన అమ్మమ్మలు కవ్వంతో చేసిన పనే. కుండలో ఉన్నది కుండలోనే గిర్రున తిరుగుతుంది. వ్యాపారంలో జరిగేదీ అదే: ఈ కంపెనీ నుంచి ఆ కంపెనీకి, మళ్ళీ అక్కణ్ణించి ఇక్కడికి. చిలికితే వెన్న రావాలి కదా, ఆ వెన్న ఎవరికి దక్కుతోంది అని అడగడం మాత్రం జనం మర్చిపోతుంటారు.

ఈ లెక్క పెద్ద ఎత్తున అవసరమైంది అమెరికాలో. 1984 జనవరి 1న అక్కడి ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యాన్ని ముక్కలు చేశారు. అంతకుముందు చాలామంది కస్టమర్లకి పోవడానికి వేరే చోటు పెద్దగా లేదు, కాబట్టి పోయినవాణ్ణి లెక్కపెట్టే పనీ పెద్దగా లేదు. విడగొట్టాక దూరపు కాల్స్‌కి ఎవరిష్టమైన కంపెనీ వాళ్ళు ఎంచుకోవచ్చు. 1991లో ఎంసీఐ "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" అని ఒక స్కీము తెచ్చింది. మీ వాళ్ళు కూడా మా దగ్గరే చేరితే వాళ్ళతో మాట్లాడే కాల్స్ చవక అని. ఇక్కడ కస్టమరే సేల్స్‌మ్యాన్ అయిపోయాడు. దీనికి విరుగుడుగా ఏటీ అండ్ టీ జనానికి చెక్కులు పంపింది. చెక్కు మీద సంతకం పెట్టి బ్యాంకులో వేసుకుంటే చాలు, మీ కనెక్షన్ మారిపోయినట్టే.

ఇంకేముంది, కొంతమంది ఈ చెక్కు మార్చుకుని అటు, ఆ చెక్కు మార్చుకుని ఇటు గెంతడం నేర్చుకున్నారు. మరోవైపు కస్టమర్‌కి చెప్పకుండానే కనెక్షన్ మార్చేసే మోసాలూ పెరిగాయి. దానికి "స్లామింగ్" అని పేరు కూడా పెట్టి, నిబంధనలు తేవాల్సి వచ్చింది. చర్న్ అంటే కస్టమర్ అసంతృప్తి అని మనం స్లైడ్లలో రాసుకుంటాం కదా, మొదటి తరం చర్న్‌లో చాలా భాగం కంపెనీలు డబ్బులిచ్చి నేర్పించిన గెంతులే. ఇది గుర్తుపెట్టుకోండి, బాబాయి దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇద్దరు పెద్దమనుషులు, ఒక శాతం

మన వృత్తిలో ఉన్న ప్రతివాడూ ఒక్కసారైనా చూసిన స్లైడు ఒకటుంది. "కస్టమర్లు పోవడం 5 శాతం తగ్గిస్తే లాభం 25 నుంచి 85 శాతం పెరుగుతుంది." ఇది 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రైష్‌హెల్డ్, సాసర్ అనే ఇద్దరు రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు లోపం లేని వస్తువు కోసం పాకులాడినట్టే, సేవలమ్మేవాళ్ళు పోయే కస్టమర్ లేని వ్యాపారం కోసం పాకులాడాలని వాళ్ళ వాదన. వాళ్ళు చూపించిన ఉదాహరణ ఎంబీఎన్ఏ అనే క్రెడిట్ కార్డు కంపెనీ. పోయేవాళ్ళు ఎందుకు పోతున్నారో కనుక్కుని, ఒక్కో కారణాన్నీ సరిచేసుకుంటూ వచ్చి, కొన్నేళ్ళకి ఆ రేటుని ఏడాదికి 5 శాతానికి తెచ్చుకుంది. పరిశ్రమ సగటులో అది సగం. స్లైడులో 85 శాతం మిగిలింది కానీ, "ఎందుకు పోతున్నారో కనుక్కుని" అన్న ముక్క ఎగిరిపోయింది.

ఇంతకంటే మూడేళ్ళ ముందు, 1987లో, ష్మిట్‌లైన్, మారిసన్, కొలంబో అని ముగ్గురు "కౌంటింగ్ యువర్ కస్టమర్స్" పేరుతో ఒక పేపర్ రాశారు. దాని గురించి స్లైడులేవీ నాకు తగల్లేదు కానీ, మా మీటింగులో ఎవరైనా అది చదివుంటే గంటన్నర మిగిలేది. వాళ్ళ ప్రశ్న అచ్చం మాదే. చెప్పకుండా పోయే కస్టమర్ ఉన్నాడో పోయాడో ఎలా తెలుస్తుంది?

ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. కిరాణా కొట్టుకి ఒకాయన వారం వారం వస్తాడు. ఇంకొకాయన సంక్రాంతికీ దసరాకీ మాత్రమే వస్తాడు. ఇద్దరూ రెండు నెలలుగా కనబళ్ళేదు. డేటాబేస్‌లో ఇద్దరి మౌనమూ 60 రోజులే. కానీ మొదటాయన పోయినట్టే, రెండోవాడి కోసం కంగారు పడక్కర్లేదు. ఎవరి మౌనాన్ని వాళ్ళ అలవాటుతో పోల్చి చూడాలి, అప్పుడు ఒక్కొక్కరూ ఇంకా ఉండే సంభావ్యత ఎంతో లెక్క వేయొచ్చు అన్నారు వాళ్ళు. అందరికీ ఒకే గడువు పెట్టి, దాటితే పోయాడనడం తప్పని తేలిపోయి చాలా కాలమైంది. మేమేమో ఆ ఒక్క గడువు 30 ఉండాలా 90 ఉండాలా అని కొట్టుకుంటున్నాం!

మన సాఫ్ట్‌వేర్ పుట్టుకలోనే ఈ చిక్కుంది. 1993లో మొదలైన సీబెల్ లాంటి కంపెనీలు చేసింది సేల్స్ వాళ్ళ కోసం. ఎవణ్ణి కలిశాం, ఎంత దాకా వచ్చింది, ఎప్పుడు సంతకం పెడతాడు... వచ్చేవాడి ప్రతి అడుగుకీ ఒక టేబుల్, ఒక తేదీ. పోయేవాడికి? స్టేటస్ కాలమ్‌లో "ఇనాక్టివ్" అని ఒక విలువ. పెళ్ళికి వచ్చేవాళ్ళకి మేళతాళాలూ పన్నీరూ, వెళ్ళేవాళ్ళకి కనీసం తాంబూలం కూడా లేదన్నమాట.

మన దేశం, మన సిమ్ములు

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తాలో జ్యోతిబసు, ఢిల్లీలో సుఖ్‌రామ్. అప్పట్లో ఫోను మోయడమే ఒక హోదా, ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు కట్టేవాళ్ళు. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఇక ప్రీపెయిడ్ వరద. 2005 చివర్నుంచి "లైఫ్‌టైమ్" ప్లాన్లు వచ్చాయి. ఒక్కసారి వెయ్యి రూపాయలకి ఒక్క రూపాయి తక్కువ కడితే ఇన్‌కమింగ్ జీవితాంతం. ఇంజనీరు కళ్ళతో చూడండి. జీవితాంతం ఉండే కస్టమర్ ఎప్పుడు పోయినట్టు? నిర్వచనం ప్రకారం చచ్చేదాకా పోడు. చచ్చినా ఎవరూ కంపెనీకి చెప్పరు.

ఆ రోజుల్లో మా బాబాయికి నిడదవోలులో రీఛార్జ్ కొట్టు ఉండేది. గీకుడు కార్డులు, ఈజీ రీఛార్జ్, సిమ్ములు, జిరాక్స్, మధ్యమధ్యలో పాస్‌పోర్ట్ ఫోటోలు. 2011లో నేను ఎనిమిదో తరగతి. సెలవులొస్తే కొట్లోనే ఉండేవాణ్ణి. నెలాఖరుకి డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు బండేసుకుని వచ్చేవాడు. "అన్నా, ఇంకో ఇరవై యాక్టివేషన్లు పడితే టార్గెట్ కొట్టేస్తాం. నీకూ కమీషన్, నాకూ ఇన్సెంటివ్" అని. కొత్త సిమ్ముకి కమీషన్ ఎక్కువ, పాత సిమ్ముకి రీఛార్జ్ చేస్తే వందకి రెండో మూడో రూపాయలు. ఇరవై మంది కొత్త మనుషుల్ని నిడదవోలులో ఒక్క రోజులో ఎక్కణ్ణించి తెస్తారు? పాత జిరాక్సులు ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ సిమ్ములు ఒక్కొక్కటీ పాత నోకియాలో వేసి, ఒక నిమిషం కాల్ చేసి, తీసి డబ్బాలో పడేసే పని నాది. దానికి నాకొక గోళీసోడా. వాటిలో చాలా సిమ్ములు మళ్ళీ ఏ ఫోన్లోనూ పడలేదు. నేను వాడుకలో పెట్టి చంపేసిన కస్టమర్లు ఎంతమందో లెక్క లేదు. కొన్ని నిజంగానే అమ్మేవాళ్ళం కూడా. కొత్త సిమ్ముతో ఉచిత బ్యాలెన్సు వస్తుంది కాబట్టి, రీఛార్జ్ చేయించుకునే బదులు కొత్త సిమ్మే తీసుకుని, అయిపోయాక పారేసే కాలేజీ కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. పరిశ్రమలో దీనికి "రొటేషనల్ చర్న్" అని గౌరవప్రదమైన పేరుందని ఉద్యోగంలో చేరాకే తెలిసింది. అమెరికా చెక్కులకీ మా గోళీసోడాకీ తేడా ఏముంది చెప్పండి?

ఇదంతా మా ఒక్క కొట్టు గొడవ కాదు. ట్రాయ్ లెక్కల ప్రకారం 2012 జూన్‌లో దేశంలో మొబైల్ కనెక్షన్లు 93 కోట్ల పైమాట. ఆ ఏడాది చివరికి 86 కోట్ల చిల్లర. ఆరు నెలల్లో దాదాపు ఏడు కోట్ల మంది ఫోన్లు అవతల పారేసి ఉత్తరాలు రాసుకోవడం మొదలెట్టారా? లేదు. కంపెనీలు తమ పుస్తకాల్లోంచి మూగ సిమ్ముల్ని తీసేశాయి. ట్రాయ్ అప్పటికే ఇంకో అంకె కూడా వేస్తోంది, వీఎల్ఆర్ లెక్క. ఫోన్ ఆన్‌లో ఉండి నెట్‌వర్క్‌కి కనబడితేనే ఆ రిజిస్టర్లోకి ఎక్కుతుంది. ఆ లెక్కలో 2012 మధ్యలో ఉన్నది నాలుగింట మూడొంతులే. మిగతా పావు భాగం కాగితం మీద కస్టమర్లు. మా డబ్బాలోవి కూడా అందులో ఉండే ఉంటాయి.

ఇక 90 జాతకం. 2013లో ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. 90 రోజుల కంటే తక్కువ కాలం వాడలేదన్న సాకుతో ప్రీపెయిడ్ నంబరు తీసేయకూడదు. ఖాతాలో 20 రూపాయలైనా ఉంటే ఆ తర్వాతా ఉంచాలి. ఇది కస్టమర్‌ని కాపాడటానికి పెట్టిన గడువు. ఊరెళ్ళొచ్చేసరికి పాపం వాడి నంబరు ఇంకొకడికి ఇచ్చేయొద్దని. "90 రోజులదాకా వాణ్ణి వెళ్ళగొట్టకు" అన్న మాట ఎక్కడ, "90 రోజులదాకా వాడు నీ కస్టమరే" అన్న మాట ఎక్కడ! మొదటిది దయ, రెండోది లెక్కల గారడీ. రెండూ ఒకే అంకె కావడంతో ఒకదాని చాటున ఇంకొకటి దూరిపోయింది.

వెళ్ళకుండానే వెళ్ళిపోయినవాళ్ళు

అన్నట్టు, చెప్పి వెళ్ళే దారి ఒకటి మధ్యలో వచ్చింది. నంబరు మారకుండా కంపెనీ మారడం. 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా. 1900కి ఒక ఎస్సెమ్మెస్ కొడితే కోడ్ వచ్చేది. మొదటిసారిగా ప్రీపెయిడ్ కస్టమర్ వెళ్ళేముందు తలుపు చప్పుడు చేశాడు. చప్పుడు వినబడగానే "సార్, మీకు మాత్రమే ప్రత్యేకమైన ఆఫర్" అని ఫోన్లు. అన్నాళ్ళూ నమ్మకంగా ఉన్నవాడికి లేని ఆఫర్, పోతానన్నవాడికి. మళ్ళీ అదే పాఠం, గెంతితే లాభం.

ఆ చప్పుడు మీదే చెవి పెట్టినవాళ్ళు 2016లో మోసపోయారు. సెప్టెంబరు 5న జియో వచ్చింది, నెలల తరబడి ఉచితం. జనం పాత నంబరు వదులుకోలేదు. ఫోన్లో రెండో అర ఉంది కదా, జియో అందులో పడింది. పాత సిమ్ము బ్యాంకు ఓటీపీల కోసం అలాగే ఉంది. పోర్ట్ రిపోర్టులో వాడు లేడు, వీఎల్ఆర్‌లో వాడు ఉన్నాడు, డబ్బులు మాత్రం వేరే కంపెనీకి. మనిషి ఉన్నాడు, మనసు లేదు. 2018 చివర్లో పాత కంపెనీలు కనీస రీఛార్జ్ 35 రూపాయలు తప్పనిసరి చేసేసరికి ఆ నిజం బయటపడింది. ఒక్క వొడాఫోన్ ఐడియానే ఆ మూడు నెలల్లో మూడున్నర కోట్ల మందిని పోగొట్టుకుంది. వాళ్ళలో చాలామంది ఆ మూడు నెలల్లో పోయినవాళ్ళు కాదు, ఎప్పుడో పోయినవాళ్ళు.

మెషీన్ లెర్నింగ్ ఏం చేస్తోంది అంటారా? 2009లో ఫ్రాన్స్ టెలికాం కంపెనీ ఆరెంజ్ తన డేటాతో కేడీడీ కప్ పోటీ పెట్టింది. 50,000 మంది కస్టమర్లు, ఒక్కొక్కరికీ 15,000 కాలమ్‌లు, ఏ కాలమ్ ఏమిటో పేరు లేదు. ఎవడు పోతాడో చెప్పాలి. ఐబీఎం పరిశోధకులు గెలిచారు. గొప్ప పనే. కానీ పేరు లేని కాలమ్‌లతో ఎవడు పోతాడో చెప్పగలం, ఎందుకు పోతాడో ఎలా చెప్తాం? 2016లో అస్కార్జా, ఆమె సహచరులు ఒక ప్రయోగం అచ్చేశారు. ఒక టెలికాం కంపెనీ తన కస్టమర్లలో కొందరికి ఫోన్ చేసి, "మీ వాడకానికి ఈ ప్లాన్ మేలు, మారండి" అని మంచి సలహా ఇచ్చింది. ఫోన్ చేయనివాళ్ళలో 6 శాతం పోతే, చేసినవాళ్ళలో 10 శాతం పోయారు! నిద్రపోయేవాణ్ణి లేపి "నీకు బిల్లు ఎక్కువవుతోంది" అంటే వాడు లేచి అన్ని కంపెనీల రేట్లూ చూసుకుంటాడు మరి.

మళ్ళీ మీటింగు రూములోకి

సోమవారం వెళ్ళి మా డేటా మీద నాలుగు క్వెరీలు కొట్టాను. రెండు సంగతులు దొరికాయి. ఒకటి, చేరిన మొదటి నెలలోనే మాయమైన కస్టమర్లలో ఎక్కువమంది కొద్దిపాటి రీటెయిలర్ కోడ్ల కింద గుంపుగా ఉన్నారు. అదీ నెలాఖరు తేదీల్లో చేరినవాళ్ళు. చూడగానే నవ్వొచ్చింది. ఆ దేశంలోనూ ఎవడో కుర్రాడు గోళీసోడా తాగుతున్నాడు.

రెండోది నవ్వు రాని సంగతి. "చివరిసారి వాడిన తేదీ" లెక్కలో మా వాళ్ళు ఇన్‌కమింగ్ మెసేజ్‌ని కూడా వాడకంగానే తీసుకున్నారు. కంపెనీ తనంతట తాను పంపే ప్రచార మెసేజ్‌లు కూడా అందులో పడుతున్నాయి. డ్రాయర్లో పడి, ఛార్జర్ మీద ఎవరో ఆన్‌లో ఉంచిన ఫోనుకి వారానికో ఆఫర్ మెసేజ్ వెళ్తే, ఆ కస్టమర్ మా సిస్టమ్ దృష్టిలో చిరంజీవి. మనమే పిలిచి, మనమే పలికి, వాడు పలికాడని రాసుకుంటున్నాం.

ఏం చేశానంటారా? వీరోచితంగా ఏమీ చేయలేదు. "చర్న్ అయ్యాడా, అవును/కాదు" అన్న కాలమ్ మీద ఆధారపడటం మానేసి, కస్టమర్ తనంతట తాను చేసిన చివరి పని ఏది, ఏ తేదీన అన్నది విడిగా దాచాను. కంపెనీ పంపినవి అందులోంచి తీసేశాను. 30 గీతతో ఒకటి, 90 గీతతో ఒకటి, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, 90 కింద "ఈ నియమం ఫలానా తేదీ నుంచి" అని రాశాను. నియమం మారినప్పుడు పాత నెలల్ని కూడా కొత్త నియమంతో మళ్ళీ లెక్కేసి చూపించకపోతే రిపోర్టు అబద్ధమాడినట్టేనని మెయిల్లో రాశాను. మీలో ఈ పని చేసేవాళ్ళుంటే ఈ ఒక్కటీ చేయండి చాలు. అబద్ధం చెప్పొద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు, నియమానికి తేదీ వేస్తే అదే ఆపుతుంది.

మేనేజర్ గారు ఒప్పుకున్నారు, సగం. 90 గ్రాఫు మొదటి పేజీలో, 30 గ్రాఫు రెండో ట్యాబ్‌లో. ఆ రెండో ట్యాబ్ ఎంతమంది నొక్కుతున్నారో లాగ్‌లో చూశాను. ముగ్గురు. అందులో ఒకణ్ణి నేనే :-)

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు బాబాయికి ఇదంతా చెప్పాను. అందరూ ఫోన్లోనే రీఛార్జ్ చేసుకోవడం మొదలెట్టాక ఆ కొట్టు కాస్తా కిరాణా కొట్టు అయింది. పాత లాంగ్‌బుక్ ఇంకా ఉంది. అందులో రీఛార్జ్ మానేసిన నంబర్ల పక్కన ఆయన రాసుకున్న ముక్కలున్నాయి. "కువైట్ వెళ్ళాడు", "పిల్లకి పెళ్ళయి రాజమండ్రి", "సిగ్నల్ లేదంట", "కాలం చేశారు". మా క్లయింటు డేటాబేస్‌లో కారణం కాలమ్ నిండా ఉన్నది "అదర్స్".

"నీ లెక్కలో కస్టమర్ ఎప్పుడు పోయినట్టు బాబాయ్?" అని అడిగాను.

"రావడం మానేసినప్పుడు కాదురా" అన్నాడు. "అడక్కుండా పాత బాకీ మొత్తం తీర్చేసినప్పుడు. చిల్లరతో సహా కట్టేసి నవ్వుతూ వెళ్ళాడంటే, పక్కవీధి కొట్లో అప్పుడే ఖాతా తెరిచాడన్నమాట."

నవ్వేశాను గానీ తర్వాత ఆలోచనలో పడ్డాను. మన దగ్గర పోస్ట్‌పెయిడ్ నంబరు పోర్ట్ చేయాలంటే ముందు బకాయి కట్టేయాలి. మా సిస్టమ్‌లో అయితే బిల్లు గడువు కంటే ముందే మొత్తం కట్టినవాడికి "ఉత్తమ కస్టమర్" అని మార్కులేస్తున్నాం. రేపు ఆఫీసుకి వెళ్ళగానే ఆ క్వెరీ కొట్టి చూడాలి.